పోలీసు డ్యూటీకి గంటల లెక్క కావాలి

సంపాదకులకు నమస్కారం.

పోలీసు సిబ్బందికి వారానికి ఒక రోజు సెలవు, రోజుకు ఎనిమిది గంటల పని అనే మాటలు ప్రతి ఎన్నికల ముందూ వినిపిస్తాయి. ఏటా అక్టోబరు 21న జరిగే అమరవీరుల సంస్మరణ సభల్లోనూ వినిపిస్తాయి. నేను ముప్పై ఆరేళ్లు ఈ శాఖలో పనిచేసి 2021లో ఏఎస్సైగా పదవీ విరమణ చేశాను. అందులో తొమ్మిదేళ్లు స్టేషన్ రైటరుగా, అంటే స్టేషన్ రాతపని చూసేవాడిగా ఉన్నాను. సభల్లో చెప్పిన మాట స్టేషన్ గుమ్మం దాటేలోగా ఎక్కడ జారిపోతున్నదో దగ్గర నుంచి చూసినవాణ్ని కాబట్టి, మీ పత్రిక ద్వారా ప్రభుత్వ పెద్దలకూ పాఠకులకూ ఒక్క విషయం విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా అబ్బాయి కూడా ఇప్పుడు ఇదే శాఖలో కానిస్టేబులు. అందువల్ల నేను రాసేది గతించిన కాలపు సంగతి మాత్రమే కాదు.

రోజూ సాయంత్రం మర్నాటి డ్యూటీ చార్టు తయారు చేయడం రైటరు పని. సెంట్రీ, పగటి బీటు, రాత్రి బీటు, కోర్టు డ్యూటీ, సమన్లు, వారెంట్లు, ఆసుపత్రిలో ముద్దాయికి కాపలా, జైలుకు ఎస్కార్టు, ఎక్కడో ఒక చోట బందోబస్తు, ఇవన్నీ నేను సిరాతో రాసేవాణ్ని. 'రెస్ట్' అన్న గడి ఒక్కటి మాత్రం పెన్సిలుతో రాసేవాణ్ని. ఎందుకంటే రాత్రి తొమ్మిది గంటలకు పై ఆఫీసు నుంచి ఫోను వచ్చి, రేపు ఫలానా పర్యటనకు ఏడుగురిని పంపండి అంటే, ముందుగా చెరిగిపోయేది ఆ గడిలోని పేర్లే. నెల తిరిగేసరికి ఆ గడి దగ్గర కాగితం రబ్బరు రాపిడికి పలచబడిపోయేది. చెరిపేసిన పేరుకు బదులు మరో రోజు విశ్రాంతి ఇవ్వాలన్న రూలు నా చేతిలో లేదు, ఎస్సై గారి చేతిలోనూ లేదు. చెరిపేసిన సంగతి రాసి పెట్టే రిజిస్టరు కూడా లేదు. మర్నాటికి అది జరగనట్టే.

2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వారపు సెలవు ప్రకటించినప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. మనస్ఫూర్తిగా సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. మొదటి వారాల్లో చార్టులో ఆ గడిని సిరాతోనే రాశారు. మొదటి సెలవు రోజున ఏం చేశావని మా దగ్గర పనిచేసే ఒక హెడ్ కానిస్టేబుల్‌ను అడిగితే, రేషన్ కార్డులో చిన్న కొడుకు పేరు చేర్పించి వచ్చానని చెప్పాడు. ఆ పిల్లవాడికి అప్పటికే ఆరేళ్లు. ఊళ్లో అందరి తగాదాలకూ హాజరయ్యే మనిషికి ఆరేళ్లలో ఒక పని దినాన తహసీల్దారు ఆఫీసుకు వెళ్లే తీరిక దొరకలేదన్నమాట.

ఆ మరుసటి ఏడాది మార్చిలో కొవిడ్ వచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో సెలవు గురించి ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడవలసిన సమయమూ కాదు. అయితే జబ్బు తగ్గాక కూడా సెలవు మునుపటిలా తిరిగి రాలేదు. సిబ్బంది కష్టం తెలిసిన అధికారి ఉన్న స్టేషనులో వచ్చింది, మరో చోట కాగితం మీదే మిగిలింది. ఒకే సర్కిల్లో రెండు స్టేషన్లు రెండు విధాలుగా నడవడం నేను చూశాను. అధికారి మంచితనం మీద ఆధారపడినదాన్ని హక్కు అనలేము. ఆ అధికారి బదిలీ అయిన రోజున అది కూడా ఆయన సామానుతోపాటే వెళ్లిపోతుంది.

ఇక్కడ ఎస్సైలనూ సీఐలనూ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ల చేతిలో ఉన్న మనుషుల లెక్క వాళ్లకే చాలదు. ఒక్క సెంట్రీ పాయింటు, అంటే కాపలా మనిషి నిలబడే చోటు, ఇరవై నాలుగు గంటలూ ఖాళీ లేకుండా ఉండాలంటే వారానికి 168 గంటలు. మనిషికి వారానికి 48 గంటల చొప్పున మూడున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణ, జబ్బులు కూడా కలుపుకుంటే నలుగురికి తక్కువ పడదు. నేను పనిచేసిన ఒక స్టేషనులో ఆ పాయింటుకు ఇద్దరే ఉండేవారు. మంజూరైన సంఖ్య ఒకటి, ఉన్న సంఖ్య ఒకటి, ఉన్నవారిలో పై ఆఫీసులకు అటాచ్ అయినవారు, గన్‌మెన్లుగా వెళ్లినవారు, కోర్టులో కూర్చునేవారు పోగా సాయంత్రం రోల్ కాల్‌లో నిలబడేది మరొకటి. ఆ ఆఖరి సంఖ్యను చూసుకొని స్టేషన్ నడపవలసిన ఎస్సై, ఒక మనిషి చేత ఇద్దరి పని చేయించడం తప్ప ఏం చేయగలడు?

ఇది మా ఒక్క జిల్లా గోడు కాదని చెప్పడానికి హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ చేసిన అధ్యయనమే సాక్ష్యం. కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం చేసిన ఆ అధ్యయనం 2014లో వెలువడింది. దేశంలో పోలీసు స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని, నెలకు ఒక్క వారపు సెలవైనా దొరకనివారు 73 శాతానికి పైగా ఉన్నారని అది తేల్చింది. సెలవు దొరికినవారిని కూడా మధ్యలో వెనక్కి పిలవడం సాధారణమని చెప్పింది. ఎనిమిది గంటల షిఫ్టులు నడపాలంటే స్టేషన్లకు మంజూరైన సంఖ్య సగటున 1.68 రెట్లు కావాలని లెక్క కట్టింది. ఐదేళ్ల తర్వాత, 2019లో, కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు కలిసి ప్రచురించిన నివేదిక పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని, సుమారు సగం మందికి వారపు సెలవే లేదని చెప్పింది. అంటే మధ్యలో గడిచిన ఐదేళ్లలో చెప్పుకోదగిన మార్పేమీ రాలేదు.

ఖాళీలు నింపడమే దీనికి మందని అందరూ అంటారు. అది నిజమే, కానీ ఆ మందు ఎంత ఆలస్యంగా అందుతున్నదో కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. తుది ఫలితాలు వచ్చింది 2025 ఆగస్టులో. శిక్షణ పూర్తయి వాళ్లు స్టేషన్లకు వచ్చేలోపు ఎంతమంది పదవీ విరమణ చేసి వెళ్లిపోతారో లెక్క వేసుకోవచ్చు. దరఖాస్తు పెట్టి మూడేళ్లు ఎదురుచూసిన ఆ పిల్లల బాధ ఒక ఎత్తు, వాళ్లు రావలసిన చోట ఇద్దరి డ్యూటీ ఒక్కరే మోసిన మా వాళ్ల బాధ మరో ఎత్తు.

అయినా నా మనవి ఖాళీల గురించి కాదు. మనుషులు పెరిగినా గంటల లెక్క లేకపోతే పరిస్థితి మారదని నా అనుభవం. కొత్తగా పదిమంది వస్తే, పది కొత్త పాయింట్లు పుడతాయి. మనిషిని అదనంగా నిలబెట్టడానికి ఎవరికీ ఏ ఖర్చూ తగలనప్పుడు, ఎవరూ ఎక్కడా జవాబు చెప్పుకోనక్కర లేనప్పుడు, నిలబెట్టడమే తేలిక.

పోలీసు స్టేషనులో లెక్క లేనిది అంటూ ఉండదని బయటివాళ్లకు తెలియకపోవచ్చు. తూటా ఒక్కటి తక్కువైతే విచారణ జరుగుతుంది. లాఠీలకు, హెల్మెట్లకు, బేడీలకు లెక్క ఉంది. జీపు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్ని లీటర్లు డీజిలు తాగిందో లాగ్ బుక్కులో ఉంటుంది. ఆ జీపు నడిపిన డ్రైవరు ఎన్ని గంటలు మేలుకొని ఉన్నాడో మాత్రం ఎక్కడా ఉండదు. ఆశ్చర్యమేమిటంటే ఆ సమాచారం స్టేషనులో లేకపోలేదు. డ్యూటీకి బయలుదేరిన ప్రతి మనిషి పేరూ, వేళా జనరల్ డైరీలో (జీడీలో) ఎక్కుతాయి. తిరిగి వచ్చిన వేళ కూడా ఎక్కుతుంది. ఊరు దాటి బందోబస్తుకు పోయేవాడికి డ్యూటీ పాస్‌పోర్టు ఇస్తారు, అందులోనూ వేళలు ఉంటాయి. ఇప్పుడు జీడీ కూడా కంప్యూటరులోకి వచ్చింది. బయలుదేరిన వేళ, తిరిగొచ్చిన వేళ రెండూ ఉన్నాయి. వాటి మధ్య ఎన్ని గంటలు గడిచాయో తీసి, నెల చివర మనిషివారీగా కూడే పని ఒక్కటే లేదు. నేను ప్రభుత్వాన్ని మొదట అడిగేది ఆ కూడిక. దానికి కొత్త చట్టం అక్కర లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర లేదు.

పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే కదా, గంటల లెక్క ఏమిటని కొందరు అధికారులు అంటారు. 1861 పోలీసు చట్టం 22వ సెక్షన్‌లో ఆ మాట ఉన్న సంగతి నిజమే. మన ఆంధ్ర ప్రాంతానికైతే అంతకు రెండేళ్ల ముందే, 1859లో, మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. సిపాయిల తిరుగుబాటు అయిన వెంటనే, విదేశీ పాలకులు తమ అవసరానికి రాసుకున్న చట్టాలవి. అయినా ఆ సెక్షన్‌ను నేను అర్థం చేసుకున్నంతలో, పోలీసు అధికారాలూ బాధ్యతలూ ఏ వేళనైనా అతని వెంట ఉంటాయన్నదే దాని సారం. సెలవులో ఉన్న కానిస్టేబులు కళ్లెదుట నేరం జరుగుతుంటే ముఖం తిప్పుకోకూడదు. అంతేగాని ఇరవై నాలుగు గంటలూ అతణ్ని నిలబెట్టవచ్చునని కాదు. ఆ చట్టం రాసిపెట్టి వెళ్లినవాళ్ల ఇంగ్లండులో నేడు కానిస్టేబులు, సార్జెంటు స్థాయి వారికి అదనపు గంటకు మామూలు రేటు మీద మూడో వంతు కలిపి ఇస్తున్నారు. పదిహేను రోజుల ముందు చెప్పకుండా విశ్రాంతి దినాన పిలిస్తే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని అక్కడ నిబంధన ఉంది. మన దేశంలోనే ఫ్యాక్టరీ కార్మికుడికి 1948 చట్టం నాటి నుంచీ వారానికి 48 గంటల పరిమితి ఉంది, వారపు సెలవు ఉంది, ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం ఉంది. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర సమ్మె బందోబస్తుకు నిలబడిన కానిస్టేబులుకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

దారి చూపించినవాళ్లు లేకపోలేదు. సోలీ సొరాబ్జీ కమిటీ 2006లో తయారు చేసిన నమూనా పోలీసు చట్టం, సగటు డ్యూటీ రోజుకు ఎనిమిది గంటలు మించకుండా చూడాలని, అసాధారణ పరిస్థితుల్లో మించితే తగిన పరిహారం ఇవ్వాలని, వారానికి ఒక రోజు సెలవో దానికి బదులు ప్రయోజనమో కల్పించాలని చెప్పింది. పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోనిది కనుక దీన్ని చట్టంగా చేసుకోవడానికి మన రెండు రాష్ట్రాల శాసనసభలకూ పూర్తి అధికారం ఉంది. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో పోలీసుల చేత ఎనిమిది గంటలకు మించి పని చేయించకుండా చూడాలని, అదనపు శ్రమకు ఏటా 45 రోజుల అదనపు జీతం ఇవ్వాలని ఆదేశించింది. ముంబయిలో 2016లో దేవనార్ స్టేషనులో మొదలైన ఎనిమిది గంటల షిఫ్టుల ప్రయోగానికి ప్రణాళిక గీసింది ఒక కానిస్టేబులు. కమిషనరు అతణ్ని పిలిపించుకొని విన్నారు, ఆ స్టేషనులో అమలు చేశారు, తర్వాత నగరమంతటికీ విస్తరించారు. డ్యూటీ చార్టు రాసే చేతులకే ఆ చిక్కుముడి విప్పడం కూడా తెలుసునని నేను నమ్ముతాను. మన దగ్గర ఏ కమిటీలోనైనా ఒక స్టేషన్ రైటరును కూర్చోబెట్టి అడిగినట్టు నేను వినలేదు.

విశ్రాంతి అన్న మాటకు కూడా సరైన అర్థం ఇవ్వాలి. రాత్రి బీటు చేసి ఉదయం ఆరు గంటలకు దిగిన మనిషికి ఆ రోజే వారపు సెలవు అని చార్టులో రాసే అలవాటు ఉంది. చాలా కాలం నేనూ అలాగే రాశాను. అప్పుడు అది తప్పని నాకు తోచలేదు. ఆ మనిషి ఇంటికి వెళ్లి, స్నానం చేసి, పడుకొని లేచేసరికి సాయంత్రం అవుతుంది. మర్నాడు ఉదయం ఏడు గంటలకు మళ్లీ రోల్ కాల్. కాగితం మీద అతనికి ఒక రోజు సెలవు దొరికింది, నిజానికి దొరికింది రాత్రి పోగొట్టుకున్న నిద్ర. రాత్రి డ్యూటీ దిగాక పడుకోవలసిన వేళను లెక్కలోంచి తీసేసి, ఆ తర్వాత పూర్తి ఇరవై నాలుగు గంటలు ఇస్తేనే దాన్ని వారపు సెలవు అనాలి. ఇక ఫోను సంగతి. స్టేషన్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రతి సందేశానికీ సెలవులో ఉన్నవాడు కూడా బదులివ్వాలని, ఇవ్వకపోతే మర్నాడు మెమో తప్పదని మా అబ్బాయి తోటివాళ్లు చెబుతుంటారు. మా కాలంలో ఇంటికి కబురు పంపాలంటే ఒక మనిషి సైకిలు మీద రావాలి, కాబట్టి నిజంగా అవసరమైతేనే వచ్చేవాడు. ఇప్పుడు పిలవడానికి వేలు కదిపితే చాలు. సెలవు రోజున పిలవాలంటే ఏ అధికారి, ఏ కారణంతో పిలిచారో జీడీలో రాయాలని నిబంధన పెడితే, పిలుపులు సగానికి తగ్గుతాయని నా నమ్మకం.

ఓవర్‌టైముకు డబ్బు ఇవ్వాలా, బదులు సెలవు ఇవ్వాలా అన్నదానిపై మావాళ్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పిల్లల ఫీజుల భారం మోసే కుర్రవాళ్లు డబ్బే నయమంటారు. నేను మాత్రం ముందు విశ్రాంతి, అది కుదరకపోతేనే డబ్బు అంటాను. డబ్బు ఒక్కటే పెడితే పిలిచేవాడూ పిలిపించుకునేవాడూ కలిసి ఆరోగ్యాన్ని అమ్ముకునే ప్రమాదం ఉంది. అదనంగా చేసిన గంటలకు ముప్పై రోజుల్లోగా బదులు సెలవు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఫ్యాక్టరీ కార్మికుడికి ఇచ్చే రేటునే కట్టాలి, ఆ ఖర్చు పిలిచిన కార్యాలయం పద్దు కింద పడాలి. ఏటా పదిహేను రోజుల ఆర్జిత సెలవు సరెండర్ చేసి తీసుకునే డబ్బును చూపించి, ఇదే మీకు ఓవర్‌టైమని కొందరు అంటారు. అది పొరపాటు. ఆ వీలు ఇతర ప్రభుత్వ ఉద్యోగులకూ ఉంది, పైగా ఆ బకాయిల కోసం మావాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసిన సంగతి అందరికీ తెలుసు. ప్రైవేటు కార్యక్రమాలకు నిర్వాహకుల చేత డబ్బు కట్టించుకొని బందోబస్తు ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది. అలా వచ్చిన సొమ్ములో ఒక భాగం ఆ రోజు విశ్రాంతి వదులుకొని వచ్చిన కానిస్టేబులుకు అందితే ఎవరికి నష్టం?

అలసిన పోలీసు వల్ల నష్టపోయేది అతని కుటుంబం ఒక్కటే కాదని చెప్పడానికి నా తప్పే ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక నగల దొంగతనం కేసులో సొత్తు స్వాధీన పంచనామా నేను రాశాను. అంతకుముందు రెండు రాత్రులు జాతర బందోబస్తులో ఉన్నాను. మూడో రోజు ఇంటికి వెళ్లకుండానే ఉదయం ముద్దాయిని వెంటబెట్టుకొని వెళ్లి, అతను చూపించిన చోట నగ బయటికి తీయించాము. ఉదయం పది గంటలని రాయవలసిన చోట రాత్రి పది గంటలని రాశాను. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ముద్దాయిని లాకప్‌లో పెట్టినట్టు జీడీలో ఉంది. లాకప్‌లో ఉన్న మనిషి రాత్రి పదింటికి చెరువు గట్టుకు వెళ్లి నగ ఎలా చూపించాడని డిఫెన్సు లాయరు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. సంశయ లాభం కింద కేసు పోయింది. నగ పోగొట్టుకున్న ముసలావిడ ఆ రోజు కోర్టు వరండాలో నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆవిడ నాకు లంచం ఇవ్వలేదనే కేసు చెడగొట్టాననుకున్నది. కాదమ్మా, నిద్ర లేక రాశానని చెబితే నమ్ముతుందా?

ఇప్పటి సిబ్బంది మీద ఆ బరువు ఇంకా పెరిగింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం సోదాలను, స్వాధీనాలను వీడియో తీయడం తప్పనిసరి. ఏడేళ్లూ అంతకు మించీ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి రావాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. ఇవన్నీ ప్రజలకు మేలు చేసేవే, నేను మనసారా స్వాగతిస్తున్నాను. కానీ ఇంత జాగ్రత్తగా చేయవలసిన పనిని పద్నాలుగో గంటలో ఉన్న మనిషి చేత చేయిస్తే, నేను పంచనామాలో చేసిన తప్పు రేపు వీడియోలో జరుగుతుంది.

అత్యవసరాల మాటేమిటని అడుగుతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పోలీసులు రాత్రీ పగలూ నీళ్లలోనే ఉన్నారు. ఎవరూ గంటలు చూసుకోలేదు, అలాంటప్పుడు చూసుకోకూడదు కూడా. నేను చెబుతున్నది అటువంటి రోజుల గురించి కాదు. పదకొండు గంటలకు రావలసిన నాయకుడి కోసం తెల్లవారుజామున నాలుగింటికే రోడ్డు పొడవునా మనుషులను దించి, ఆయన వెళ్లిపోయిన రెండు గంటల తర్వాత కూడా 'డిస్మిస్', అంటే ఇక వెళ్లవచ్చు, అని చెప్పేవారు లేక ఎండలో నిలబెట్టే రోజుల గురించి. వరద ఏడాదికి ఒకసారి వస్తుంది, ఇటువంటి పర్యటన వారం వారం ఉంటుంది. ఆ పాయింట్లలో నిలబడే మహిళా కానిస్టేబుళ్లు మరుగుదొడ్డి లేదని తెల్లవారుజాము నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా ఉంటారు. గంటల లెక్క వస్తే ముందుగా తెరిపిన పడేది వాళ్లే.

ఈ మాటలు సర్వీసులో ఉన్నవారు చెప్పలేరు కనుకనే నేను రాస్తున్నాను. పోలీసు బలగాల హక్కులను పరిమితం చేస్తూ 1966లో చట్టం వచ్చింది. మిగతా ఉద్యోగుల్లా యూనియన్ పెట్టుకొని అడిగే వీలు మావాళ్లకు లేదు. క్రమశిక్షణ దృష్ట్యా దానిలో న్యాయం ఉందనే అనుకుంటాను. కానీ నోరు కట్టేసిన చోట చెవి ఇంకా తెరిచి ఉంచాలి. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు సిబ్బంది డ్యూటీ, సెలవుల విధానం విషయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ముందుగా రోడ్డు మీదికి వచ్చింది వాళ్ల భార్యలు, పసిపిల్లలను చంకనెత్తుకొని. తర్వాత కానిస్టేబుళ్లు కూడా నిరసనకు దిగారు, 39 మంది సస్పెండ్ అయ్యారు, పదిమందిని సర్వీసు నుంచి తొలగించారు. యూనిఫాంలో ఉన్నవాళ్లు నిరసనకు దిగడాన్ని నేను సమర్థించను. కానీ ఎవరి గంటలు ఎన్నో చెప్పే లెక్క ఒకటి అంతకుముందే ప్రభుత్వం దగ్గర ఉండి ఉంటే, నెల నెలా ఎవరైనా దాన్ని చూసి ఉంటే, ఆ ఇల్లాళ్లకు రోడ్డెక్కవలసిన అవసరం వచ్చేది కాదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జులైలో పన్నెండు రోజులూ నేను కొవ్వూరులో గోష్పాద క్షేత్రం అనే స్నానఘట్టం దగ్గర డ్యూటీ చేశాను. బడిలో బల్లలు రెండు దగ్గరికి జరుపుకొని పడుకునేవాళ్లం. మొదటి రోజు రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగిందని తెలిశాక, మిగిలిన రోజుల్లో కునుకు తీయడానికి కూడా భయపడ్డాము. పుష్కరాలు అయ్యాక అందరూ మమ్మల్ని మెచ్చుకున్నారు. మూడో నాడు మామూలు డ్యూటీల్లో దిగాము. ఆ పన్నెండు రోజుల్లో ఎన్ని గంటలు నిలబడ్డామో ఇప్పుడు ఏ రికార్డులోనూ దొరకదు. వచ్చే పుష్కరాలకు రెండు రాష్ట్రాల నుంచీ వేలాది మంది పోలీసులు గోదావరి గట్లకు వస్తారు. వాళ్ల చేతికిచ్చే డ్యూటీ పాస్‌పోర్టు మీద ఏ రోజు ఎన్ని గంటలకు పాయింటు ఎక్కిందీ, ఎన్ని గంటలకు రిలీఫ్ వచ్చిందీ రాసే రెండు గడులు అచ్చు వేయించాలని, తిరిగి వెళ్లాక ఎనిమిది గంటలకు మించిన ప్రతి గంటనూ వాళ్ల సెలవు ఖాతాలో జమ చేయాలని, అందుకు కావలసిన ఉత్తర్వును ఇప్పుడే ఇవ్వాలని రెండు రాష్ట్రాల హోంమంత్రులనూ డీజీపీలనూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎస్సై,
తూర్పు గోదావరి జిల్లా